రెండో పిలుపు

సోఫియా శివార్లలో, పైలట్లను సిమ్యులేటర్‌లో కూర్చోబెట్టి పరీక్షించే కేంద్రం. గది బయట నడవాలో ఇద్దరు, పరీక్ష పెట్టినాయన, పరీక్షకి కూర్చున్న అమ్మాయి.

"కూర్చోమ్మా. ఇందాకట్నుంచీ నిలబడే ఉన్నావు."

"ఫర్లేదు సార్."

"సరే, ఫర్లేదు. కూర్చో."

"నేను ఫెయిలా?"

"ఫెయిలైనవాళ్ళకి చెప్పడానికి లోపల ఆఫీసులో వేరే అమ్మాయి ఉంది. పాపం, పొద్దున్నుంచీ అదే పని తనకి. ఈ గాంచెవ్ స్వయంగా బయటికొచ్చి మాట్లాడుతున్నాడంటే పనైనట్టే అని ఇక్కడ గోడలకి కూడా తెలుసు."

"పనైందా?"

"అయింది. కో-పైలట్ సీటు నీదే. వేసవి రద్దీ మొదలయ్యేలోపు ఎక్కుతావు."

"నిజంగానా సార్?"

"కలీనా దరేవా నువ్వేగా? నాలుగేళ్ళుగా ఎయిర్‌పోర్టులో బోర్డింగ్ పాసులు చింపుతున్నానని దరఖాస్తులో రాసుకున్నావు. ఆ చింపుడు ఇవాళ్టితో సరి. కాస్త నవ్వొచ్చు."

"నవ్వుతాను సార్. నాతో పాటు లోపల కూర్చున్నాయన... కెప్టెన్ దరేవ్. ఆయన సంగతేంటి?"

"మీ నాన్నేగా?"

"ఎవరు చెప్పారు మీకు?"

"నువ్వే చెప్పావు."

"నేను ఎక్కడ చెప్పాను? దరేవ్, దరేవా అని ఇంటిపేరు ఒకటే అయినంత మాత్రాన..."

"ఇంటిపేరు చూసి మేమేం అనుకోలేదు. దరేవ్‌లు ఊరికి పదిమంది ఉంటారు. ఇంటిపేర్ల వరసలో జతలు కట్టాం, ఆయన పక్కన నువ్వు పడ్డావు. అంతవరకే మాకు తెలిసింది. ఎందుకు దాచారు?"

"నాన్నే చెప్పొద్దన్నాడు. తెలిస్తే తండ్రి పేరు చెప్పుకుని కూతురొచ్చిందంటారు, లేదా ఇంటికొకటి చాలని ఇద్దరిలో ఒకర్ని ముందే తీసేస్తారు, ఎటు చూసినా మనకే నష్టం అన్నాడు. లోపల నేను కెప్టెన్‌ని, నోరు జారావంటే ఊరుకోనన్నాడు."

"జారింది మరి."

"జారింది."

"ఎప్పుడు జారింది? చెప్పు. నీ నోటితో వినాలని అడుగుతున్నాను."

"కిందికి దిగుతున్నాం. నాన్న నడుపుతున్నాడు, నేను చూస్తున్నాను. మూడు వేల అడుగుల దగ్గర దిగడం ఆపాలి. ఆపలేదు. 'కెప్టెన్, ఎత్తు చూడండి' అన్నాను. పలకలేదు."

"తర్వాత?"

"రెండోసారి పిలిచాను."

"ఏమని?"

"'నాన్నా' అని."

"పిలవడం కాదమ్మా, అరిచావు. వెనకాల హెడ్‌ఫోన్లు పెట్టుకుని కూర్చున్న మా ముగ్గురి చెవులూ గింగురుమన్నాయి. ఆయన మాత్రం కదల్లేదు. నువ్వు ఇంకో క్షణం చూడలేదు. 'నా చేతికొచ్చింది' అని విమానాన్ని తీసుకున్నావు, పైకి లేపావు. పక్కనున్నవాణ్ణి రెండుసార్లు పిలువు, రెండోసారికీ పలక్కపోతే విమానం తీసేసుకో. ఆ రూలు అందరూ పుస్తకంలో చదివినవాళ్ళే. పక్కన తల నెరిసిన కెప్టెన్ కూర్చుంటే పాటించేవాళ్ళే తక్కువ. అందుకే నీకా సీటు."

"ఆయన కావాలనే పలకలేదు సార్."

"ఎలా చెప్పగలవు?"

"అది మా ఇంట్లో ఆట. నా చిన్నప్పుడు భోజనాల దగ్గర పేపరు అడ్డం పెట్టుకుని కూర్చునేవాడు. రెండుసార్లు పిలవాలి. పలక్కపోతే ఆయన ప్లేట్లో జున్ను పెట్టి కాల్చిన బానిత్స ముక్క నాది. 'నా చేతికొచ్చింది' అని అరిచి లాక్కోవాలి. ఒక్కసారే పిలిచి లాక్కుంటే మాత్రం తిరిగిచ్చెయ్యాలి. కొరికినా సరే, ఇచ్చెయ్యాలి."

"ఇవాళా అదే ఆడాడంటావు."

"నాకోసం ఆడాడు. ఒక్క సీటే మిగిలిందని పొద్దున మీ ఆఫీసులో అమ్మాయి చెప్పింది. కెప్టెన్‌గా చేసిన మనిషి కో-పైలట్ సీటుకి దరఖాస్తు పెట్టుకున్నాడు సార్. ఇద్దరం ఒకే సీటుకి. అది విన్నప్పట్నుంచీ ఒకటే జోకులు. ఆయన అన్ని జోకులు వేస్తున్నాడంటే మనసులో ఏదో అనుకున్నట్టే."

"అదే నిజమైతే నాకు హాయి. నటించాడు, ఉద్యోగం పోగొట్టుకున్నాడు, ఇంటికి పోయాడు. తీసుకోలేదని ఒక్క ముక్క రాసి ఊరుకుంటాను. కాకపోతే?"

"కాకపోవడమేంటి?"

"ఇక్కడ చాలామందిని చూశానమ్మా. కొందరు భయంతో బిగుసుకుపోతారు. ఒకళ్ళిద్దరు నటిస్తారు. కొందరికి తలలో ఏదో అవుతుంది, కళ్ళు తెరిచే ఉంటాయి, మనిషి మాత్రం అక్కడ ఉండడు. వెనక కూర్చుని చూసేవాడికి మూడూ ఒకటే. ఆయనకి ఇంకెక్కడైనా పని ఉందా?"

"పెరుగు వ్యాను నడుపుతున్నాడు."

"అది కాదు, ఎగిరే పని."

"ప్లోవ్‌దివ్‌లో ఒకాయన చిన్న జెట్ కొన్నాడు. సోమవారం నుంచి రమ్మన్నాడు."

"పరీక్ష పెట్టాడా?"

"లైసెన్స్ చూసి చెయ్యి కలిపాడట."

"పక్క సీట్లో ఎవరు?"

"కొత్తగా లైసెన్స్ తీసుకున్న కుర్రాడు. నాలాంటివాడే."

"నీలాంటివాడైతే బెంగ లేదు. కెప్టెన్ గారికి ఎదురు చెప్తే ఉన్న ఒక్క ఉద్యోగం ఊడుతుందని భయపడే రకమైతే? వెనకాల ఆ యజమాని పెళ్ళాం పిల్లలు కూర్చునుంటే?"

"అడుగుతాను సార్. నేనే అడుగుతాను."

"అడుగు. కావాలనే చేశాడని నీకు నమ్మకం కుదిరితే వచ్చి చెప్పు, ఇక్కడితో వదిలేస్తాను. కుదరకపోయినా వచ్చి చెప్పు. డాక్టర్ల బోర్డుకి రాస్తాను. రాశానంటే లైసెన్స్ ఆపేస్తారు. ఆయన వయసుకి ఒకసారి ఆపారంటే..."

"తెలుసు. మళ్ళీ ఇవ్వరు."

"ఇవ్వరు."

"మీరే రాసెయ్యొచ్చుగా? నా మీద పెట్టడమెందుకు?"

"పెట్టకూడదు. తెలుసు నాకు. జీవితమంతా ఆకాశంలో గడిపిన మనిషిని కాసేపు చూసి తీసి పారెయ్యడానికి నాకు చెయ్యి రావడం లేదు. నాకూ ఒక కూతురుంది. దంతాల డాక్టరు. బతికిపోయింది."

క్యాంటీన్‌లో, కిటికీ పక్క బల్ల దగ్గర, తండ్రీ కూతురూ.

"రండి రండి కో-పైలట్ గారూ. కాఫీ చల్లారిపోతోంది."

"నీకెవరు చెప్పారు?"

"నీ మొహమే చెప్పింది. రాకపోతే నవ్వుతూ వచ్చేదానివి. వచ్చింది కాబట్టి ఏడుపు మొహం. అంతా మీ అమ్మ పోలిక."

"వచ్చింది నాన్నా."

"తెలుసులేవే. ఇలా రా. ఆ తల ఇటు పెట్టు. ఊఁ. అయిపోయింది, ఇంక ముక్కు తుడుచుకో, ఎవరైనా చూస్తే నేనెవరో తెలిసిపోతుంది."

"తెలిస్తే తెలియనీ."

"ఇప్పుడంటే ఫర్లేదు. పొద్దున మీ అమ్మ, వెళ్ళిన పని నీళ్ళలా సాగాలని మన ముందు గుమ్మంలో నీళ్ళు పారబోసింది చూడు, ఇద్దరం వెళ్తున్నాం, ఒక్క చెంబేంటే, ఇంకోటి పొయ్యవే అన్నాను. మెట్లు నువ్వు తుడుస్తావా అంది. చూశావా, ఒక్కరికే పారాయి."

"అలా అనకు నాన్నా."

"నవ్వమని అన్నానే. నువ్వు తిను. ఇక్కడ బానిత్స బాగానే ఉంది, ఉప్పు కొంచెం ఎక్కువ. మీ బ్యాచ్‌లో ఎంతమందికొచ్చాయి ఉద్యోగాలు?"

"నాతో కలిపి ఇద్దరికి. స్తమెన్‌కి టర్కీలో వచ్చింది. ఇంకొకడు పెళ్ళిళ్ళకి డ్రోన్లు ఎగరేసి వీడియోలు తీస్తున్నాడు. పైలట్‌ననే చెప్పుకుంటున్నాడు."

"అబద్ధమేం కాదుగా. పేపర్లో చూడు, వారం వారం రాస్తారు, పైలట్లకి కరువు, లోకమంతా కరువు అని. ఆ కరువు ఎక్కడుందో చూద్దామని ఆరేళ్ళుగా తిరుగుతున్నాను. నీ దగ్గరికొస్తే ఎగిరిన గంటలు తక్కువంటారు. నా దగ్గరికొస్తే గంటలు ఉన్నాయి గానీ మా విమానం మీద కాదంటారు. మీ విమానం మీద నేర్పండయ్యా అంటే వయసెంత అంటారు. మనిద్దర్నీ కలిపి కుట్టేస్తే ఒక మంచి పైలట్ వచ్చేవాడు."

"మీ కంపెనీ మూతపడకపోయి ఉంటే..."

"పడింది. పడ్డదాని గురించి ఎందుకు? పొద్దున ఫ్లైటుకని యూనిఫాం వేసుకుని వెళ్ళాను, గేటు దగ్గర తాళం. సెక్యూరిటీవాడు నాకు సెల్యూట్ కొట్టి మరీ వెనక్కి పంపాడు. తర్వాత జెట్ ఉద్యోగం వస్తే మన వీధి వీధంతా గొప్పనుకున్నారు, ల్యుబెన్ దరేవ్ కోటీశ్వరుణ్ణి తిప్పుతున్నాడని. ఆ కోటీశ్వరుడి కుక్కకి మంచినీళ్ళు పట్టింది నేను. ఆయన పెళ్ళాం పెట్టెలు మోసింది నేను. సీట్ల కింద బిస్కెట్ ముక్కలు ఏరింది నేను. మధ్యలో కాస్త తీరిక దొరికితే విమానం కూడా నడిపేవాణ్ణి."

"నాకు తెలీదా? ఆ కుక్క వెంట్రుకలు నీ కోటు మీంచి నేనే దులిపేదాన్ని."

"ఆ విమానం అమ్మేస్తున్నారని నాకు ఎలా తెలిసిందో చెప్పానా? ఎవడో వచ్చి ఫొటోలు తీసుకుంటున్నాడు. ఎవరు బాబూ అంటే, కొన్నవాణ్ణి అన్నాడు. అప్పట్నుంచి ఈ పెరుగు వ్యానే నా విమానం. ఇదైతే ఎవరూ కొనరు."

"వ్యాను తాళాలు అలా తిప్పకు, కాఫీలో పడతాయి. వెళ్ళేటప్పుడు నేను నడపనా?"

"నువ్వా? విమానం నిండా మనుషుల్ని నీ చేతుల్లో పెడతారేమో, పెట్టనీ. నా వ్యాను మాత్రం ఇవ్వను. నాలుగో గేరు దగ్గర దానికో అలక, నాకే లొంగుతుంది."

"నాన్నా."

"..."

"నాన్నా!"

"ఆఁ! రెండోసారికి పలికాను కదే, చెయ్యి తియ్ నా ప్లేటు మీంచి. అదిగో, ఆ దిగే విమానాన్ని చూస్తున్నాను. గాలి పక్కనుంచి కొడుతోంది, బాగా పట్టుకున్నాడు కుర్రాడు."

"నిన్నొకటి అడుగుతాను. జోకు వెయ్యకూడదు."

"జోకు వెయ్యకపోతే నా దగ్గర ఇంకేముందే?"

"మొన్న పాలు పొంగి పొయ్యంతా పారుతుంటే నువ్వు ఎదురుగా నిలబడే ఉన్నావట. అమ్మ వచ్చి కట్టేసిందట."

"ఏదో ఆలోచిస్తున్నాను."

"ఏం ఆలోచిస్తున్నావు?"

"ఏమో, గుర్తుంటుందా? పాలు పొంగినప్పుడల్లా ఏం ఆలోచించానో రాసి పెట్టుకోవాలా ఏంటి? మీ అమ్మకి చెప్పు, ఫోన్లో నా మీద చాడీలు చెప్పడం మానమని."

"లోపల ఏమైంది నాన్నా?"

"లోపల అంటే?"

"లోపలే. సిమ్యులేటర్లో."

"ఏమవుతుంది? నువ్వు బాగా చేశావు."

"నువ్వు పలకలేదు."

"పలకలేదు."

"ఎందుకు?"

"తిను ముందు."

"తినను. ఎందుకు పలకలేదు?"

"నువ్వే ఆలోచించు. ఒక్క సీటు. ఒక పక్క నేను, సైకిల్ తొక్కడం నా చేతుల మీద నేర్చుకున్న నా కూతురు ఇంకో పక్క. నేను బాగా నడిపితే ఏమవుతుంది? అనుభవం ఉంది కదా అని నన్ను తీసుకుంటారు. ఇంకో ఏడెనిమిదేళ్ళు ఎగిరి ఇంటికొస్తాను. నువ్వేమో ఆ కౌంటర్లోనే బోర్డింగ్ పాసులు చింపుతూ ముసలిదానివవుతావు. అది నేను చూడాలా?"

"అంటే..."

"అంటే ఏముంది? పేపరు అడ్డం పెట్టుకున్నాను. అంతే."

"కావాలనే?"

"కావాలనే."

"నా కళ్ళలోకి చూసి చెప్పు."

"చూస్తున్నాను కదే. కావాలనే. ఉత్తినే బాగా నడిపితే అందరిలో ఒకదానివవుతావు. కెప్టెన్ చేతిలోంచి విమానం లాక్కున్న పిల్లని ఎవరు మర్చిపోతారు చెప్పు?"

"ఎవరిమ్మన్నారు? నీ సీటు నాకు ఇమ్మని ఎవరడిగారు నిన్ను? నేనడిగానా?"

"అరవకు, జనం చూస్తున్నారు."

"చూడనీ! భయంతో నా ప్రాణం పోయింది తెలుసా? నీకేదో అయిపోయిందనుకున్నాను. చేతులు నడుపుతున్నాయి గానీ నా మనసు నీ మీదే ఉంది, ఊపిరి తీస్తున్నావా లేదా అని పక్కకి చూస్తూనే ఉన్నాను."

"తీస్తూనే ఉన్నాను. పిచ్చిపిల్లా."

"రెండుసార్లు పిలిచాను. రెండూ వినబడ్డాయా?"

"రెండూ విన్నాను."

"రెండోది కూడా?"

"రెండోది ఇంకా బాగా విన్నాను. నిక్కచ్చిగా, కెప్టెన్‌తో మాట్లాడాల్సిన గొంతుతో పిలిచావు. అమ్మయ్య, నేర్చుకుంది అనుకున్నాను. ఏం, నమ్మవా?"

"నమ్ముతాను. నమ్మాలనే ఉంది నాన్నా. నేనూ ఆయనతో అదే చెప్పాను."

"ఏ ఆయన?"

"గాంచెవ్ గారు. నీకు ఒంట్లో ఏమైనా బాగాలేదేమోనని ఆయన అనుమానం. నేను చెప్పాను, మా నాన్న చిన్నప్పట్నుంచీ అంతే, ఆట ఆడతాడు అని. నీ నోటితో ఒక్కసారి వినాలని ఆగాను. అంతే."

"విన్నావుగా."

"విన్నాను."

"నా ఒంటికేమైందే? నేను చేసే గుడ్లపులుసు నేనే తిని అరిగించుకుంటున్నానంటే ఈ ఒళ్ళు ఎంత గట్టిదో చూసుకో. సోమవారం ప్లోవ్‌దివ్‌లో కొత్త జెట్. మొన్న వెళ్ళి చూసొచ్చాను, సీట్లకి కట్టిన ప్లాస్టిక్ కూడా ఇంకా విప్పలేదు. ఆ యజమానికి నలుగురు పిల్లలు. చిన్నదానికి మూడేళ్ళు, నా టోపీ పెట్టుకుని తిరిగిస్తే ఒట్టు. నువ్వు చిన్నప్పుడు ఎలా ఉండేదానివో అలాగే ఉంది."

"ఆ కుర్రాడెలా ఉన్నాడు? పక్క సీట్లో కూర్చునేవాడు."

"బంగారం లాంటివాడు. నోట్లో నాలుక లేదు. నేనేం చేసినా చూస్తూ కూర్చుంటాడు, పాపం. నేర్పుకోవాలి."

"నాన్నా, నువ్వు మళ్ళీ యూనిఫాం వేసుకుంటే చూడాలని ఉంది నాకు."

"ఆదివారం మీ అమ్మతో ఇస్త్రీ చేయించుకుంటాను. మనిద్దరం పక్కపక్కన నిలబడి ఫొటో దిగుదాం. కోపం పోయిందా?"

"పోలేదు. ఇంటికెళ్ళాక అమ్మ ముందు నిన్ను తిడతాను. నువ్వు ఇక్కడే కూర్చో, నేను వెళ్ళి గాంచెవ్ గారికి చెప్పొస్తాను."

"ఏమని?"

"మా నాన్న కావాలనే చేశాడు, మనిషి రాయిలా ఉన్నాడు అని."

"చెప్పు చెప్పు. నా తరఫున నమస్కారం కూడా చెప్పు. ఆగు, కలీ."

"ఏంటి?"

"ఒకందుకు మాత్రం నిన్ను మెచ్చుకోవాలే. నాకున్న బెంగల్లా అదొక్కటే. లోపల అంత కంగారులోనూ నన్ను రెండుసార్లూ కెప్టెన్ అనే పిలిచావు. ఒక్కసారైనా నోరు జారి 'నాన్నా' అనలేదు."

"..."

"కలీ?"

"..."

"కలీ! రెండుసార్లు పిలిచానే. పలకవేం?"

"వ్యాను తాళాలు ఇటివ్వు నాన్నా. నేను లోపలికెళ్ళి ఆయనతో మాట్లాడి వచ్చేదాకా ఇక్కణ్ణుంచి కదలకు. ఇంటికి నేను నడుపుతాను."